చెల్లికి మేకప్ గిఫ్టా? ఫౌండేషన్ జోలికి పోవద్దు

తమ్ముడూ, చెల్లి పుట్టినరోజుకి 1500 రూపాయల్లో మేకప్ కొనాలి, వాటి గురించి ఏమీ తెలియదు అన్నావు కదా, ముందు ముఖమంతా రాసుకునే ఫౌండేషన్, అద్దుకునే కాంపాక్ట్ పౌడర్, మచ్చలు కప్పే కన్సీలర్ పక్కన పెట్టెయ్. అవి ఒంటి రంగుకే కాదు, ఆ రంగులో పసుపు ఛాయ ఎక్కువా గులాబీ ఛాయ ఎక్కువా అన్నదానికి కూడా సరిపోవాలి. దవడ దగ్గర రాసి పగటి వెలుతురులో చూసుకుని కొనాలి, కాబట్టి తను లేకుండా కుదరదు.

నీకు సులువైనవి కాటుక, నెయిల్ పాలిష్, లిప్‌స్టిక్. మన ఒంగోలు ఎండకి, చెమటకి కాటుక తొందరగా చెదిరిపోతుంది, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నదే తీసుకో. లిప్‌స్టిక్ రంగు మాత్రం ఊహించి కొనొద్దు. తన దగ్గర బాగా అరిగిపోయినది ఏదో చూసి, దాని అడుగున స్టిక్కర్ మీదున్న షేడ్ పేరు, నంబరు ఫోటో తీసుకో. అదే మళ్లీ కొనిచ్చినా ఎంత సంతోషిస్తుందో చూడు, ఇష్టంగా వాడేది అయిపోయే టైముకి కొత్తది చేతికొస్తే ఆ ఆనందమే వేరు.

ట్రంకు రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా సీల్, ఎక్స్‌పైరీ తేదీ చూడు. ప్యాక్ మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12M అని ఉంటే తెరిచాక 12 నెలలు వాడొచ్చని అర్థం. బోలెడు రంగులతో చౌకగా కనిపించే పెద్ద కిట్లు, తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా లేకపోతే అసలు కొనొద్దు, కంటి దగ్గర రాసుకునేవి కదా. సీల్ తీస్తే చాలా షాపుల్లో మార్చరు, అందుకే బిల్లు కట్టేముందే ఆ సంగతి అడిగెయ్.