గిటార్ ముందుండని ‘టార్కస్’ వినదగిన ఆల్బమేనా?

బ్రిటిష్ రాక్ బృందం ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 1971లో విడుదల చేసిన ‘టార్కస్’ కీబోర్డు ఆర్భాటమేనా, గిటార్‌కు అలవాటు పడిన చెవికి అది ఎక్కుతుందా అని అడిగారు. తప్పకుండా ఎక్కుతుంది, అయితే చేత్తో తాళం వేస్తూ వినాలి. ఈ సంగతి నాకు చిక్కడపల్లిలో మా మేనమామ ఇంట్లో తెలిసింది.

1998లో ఒక ఆదివారం అబిడ్స్‌లో, కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల పక్కన ఆ కాసెట్ కనిపించింది. వీపున పెంకు, కాళ్ల స్థానంలో యుద్ధ ట్యాంకు పట్టాలు ఉన్న వింత జంతువు బొమ్మను చూసి కొన్నాను. రెండుసార్లు విని, ఇదంతా గోల అని పక్కన పడేశాను.

మావయ్య పిల్లలకు మృదంగం నేర్పేవారు. ఒక సాయంత్రం పాఠం ముగిసి పిల్లలు వెళ్లిపోయాక, మృదంగం ఎడమ మూత మీద నాదం కోసం పెట్టి, ఎండిపోయిన రవ్వ ముద్దను గోటితో గీకుతూ కూర్చున్నారు. నేను టేప్‌రికార్డర్‌లో ఆ కాసెట్ పెట్టాను. కాసెట్ మొదటి వైపంతా సాగే ‘టార్కస్’ అనే రచనలో మొదటి భాగమైన ‘ఇరప్షన్’ మొదలై నిమిషమైనా గడవకముందే ఆయన గీకడం ఆపేశారు. రవ్వ అంటిన వేళ్లు తొడ మీద కదలసాగాయి.

“తక తకిట, తక తకిట... ఒరేయ్, ఐదురా ఇది! మన ఖండ చాపు లెక్కే. మళ్లీ మొదటినుంచి పెట్టు.”

మూడుసార్లు వెనక్కి తిప్పించారు. మూడోసారి, “ఆ ఎడమ చెయ్యి విను. కుడి చెయ్యి ఎంత దూరం పరిగెత్తినా, లెక్క అక్కడ చెక్కుచెదరడం లేదు” అన్నారు. అంతకుముందు నాకు గోలగా వినిపించినదానికి ఆ క్షణంలో ఒక ఆకారం వచ్చింది. ఏడు భాగాలుగా 20 నిమిషాలకు పైగా సాగే ఆ రచన చివర్లో ‘ఇరప్షన్’ బాణీ తిరిగి రాగానే, “చూశావా, పల్లవి అందుకున్నాడు” అంటూ ఆయన తొడ మీద గట్టిగా ఒక దెబ్బ వేశారు.

బృందంలో కీబోర్డు వాయించే కీత్ ఎమర్సన్ వేదిక మీద హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాద్యం మెట్ల మధ్య కత్తులు గుచ్చేవాడన్నది నిజమే కానీ, జనం ఆ కత్తులనే గుర్తుపెట్టుకుని, షడ్జానికీ మధ్యమానికీ మధ్య ఉండే దూరంతో స్వరాలను దొంతరలుగా పేర్చి అతడు కట్టిన నిర్మాణాన్ని పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. దీనికి మన అలవాటు కూడా కారణమే. మన ఊరి పెళ్లి ఆర్కెస్ట్రాలలో లయను యంత్రానికి అప్పగించి, ఒక్క కుడిచేత్తో పాట నడిపించేవారిని చూసి చూసి, కీబోర్డు వాద్యకారుడికి ఎడమ చెయ్యి కూడా ఉంటుందన్న సంగతే మరిచిపోయాము. తాళం లెక్క తెలిసిన తెలుగు శ్రోతకు ఈ సంగీతం గిటార్ అభిమానికంటే త్వరగా వశమవుతుందని నా గట్టి నమ్మకం.

గిటార్ అసలు లేదని కూడా అనుకోకండి. ‘బ్యాటిల్‌ఫీల్డ్’ భాగంలో బృందం గాయకుడు గ్రెగ్ లేక్ గొంతు, గిటార్ రెండూ వినిపిస్తాయి, ఆల్బమ్ మొత్తంలో నా గుండెను పట్టుకునేది అదే.

రెండో వైపు మాత్రం ఈ స్థాయిలో లేదు. జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని ఆర్గన్ మీద పలికించిన ‘ది ఓన్లీ వే’ను మినహాయిస్తే మిగిలినవి చిన్న చిన్న పాటలు. సౌండ్ ఇంజినీర్ ఎడ్డీ ఆఫర్డ్‌ను ఉద్దేశించి సరదాగా చేసిన చివరి పాటను ఇంత గంభీరమైన రచన ఉన్న ఆల్బమ్‌లో చేర్చకుండా ఉండవలసింది. మావయ్య కూడా కాసెట్ తిప్పిన కాసేపటికే మళ్లీ రవ్వ గీకడంలో పడిపోయారు.

ఫోను స్పీకరులో మాత్రం దయచేసి వినకండి. అందులో ఎడమ చేతి మంద్ర స్వరాలు మాయమై కుడి చేతి పరుగు ఒక్కటే మిగులుతుంది, ఆర్భాటమన్న నింద పుట్టేది అక్కడే. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ‘ఇరప్షన్’లో ఆ ఐదు మీ చేతికి దొరికేవరకు రెండో భాగానికి వెళ్లకండి.