ఈక్యాప్ చేసిన రాగి బలం పెరిగింది, మరి ఫెటీగ్ లైఫ్ ఎందుకు తగ్గింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఈక్యాప్ పాస్‌లు (లోహపు కడ్డీని వంపు ఉన్న డై గుండా మళ్లీ మళ్లీ నెట్టి గ్రెయిన్లని, అంటే లోపలి చిన్న స్ఫటికాలని, సన్నబరచడం) చేశాక రాగి టెన్సైల్ బలం బాగా పెరిగింది, కానీ 0.5 శాతం స్ట్రెయిన్ యాంప్లిట్యూడ్‌తో (అటూ ఇటూ అంత శాతం సాగేలా, కుదించేలా) ఫెటీగ్ టెస్టు, అంటే విరిగేదాకా లోడ్‌ని మళ్లీ మళ్లీ మార్చే టెస్టు, పెడితే మామూలు ఎనీల్డ్ (వేడిచేసి మెత్తబరిచిన) రాగి కంటే ముందే విరిగింది, లోపం శాంపిల్‌దా మెషీన్‌దా అని. రెండిట్లోనూ లోపం ఉండనక్కర్లేదు. స్ట్రెయిన్ కంట్రోల్‌లో (ఎంత సాగాలో మెషీన్ నిర్ణయించే పద్ధతిలో) టెస్టు చేస్తే స్వచ్ఛమైన రాగికి ఇలా రావడం మామూలే. నా పీహెచ్‌డీ ఈ లోహాల మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎనీల్ చేసిన రాగి యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 50-70 ఎంపీఏ (మెగాపాస్కల్) దగ్గర ఉంటుంది, ఈక్యాప్ తర్వాత అది 400కి దగ్గరగా వెళ్తుంది. ఇప్పుడు రెండిటికీ ఒకే స్ట్రెస్ ఇచ్చారనుకోండి, సన్న గ్రెయిన్ల రాగి దాదాపు ఎలాస్టిక్‌గానే ఊగుతుంది, ఒక్కో సైకిల్‌లో ప్లాస్టిక్ స్ట్రెయిన్ (వదిలినా వెనక్కి రాని సాగుడు) చాలా తక్కువ, అందుకే లైఫ్ పెరుగుతుంది. స్ట్రెయిన్ కంట్రోల్‌లో మాత్రం లోహం ఎంత గట్టిదైనా మెషీన్ అడిగినంత సాగి తీరాలి. అక్కడ ఆదుకోవాల్సింది డక్టిలిటీ (విరగకుండా సాగే గుణం), అది చాలావరకు డైలోనే ఖర్చయిపోయింది (90 డిగ్రీల డైలో ఒక్క పాస్‌కే స్ట్రెయిన్ సుమారు 1). కాఫిన్-మాన్సన్ గీత (ప్లాస్టిక్ స్ట్రెయిన్‌కీ లైఫ్‌కీ సంబంధం), బాస్క్విన్ గీత (స్ట్రెస్‌కీ లైఫ్‌కీ సంబంధం) రెండూ ఒకే గ్రాఫ్ మీద గీసి చూడండి. తక్కువ సైకిల్స్ వైపు ఎనీల్డ్ రాగి పైన ఉంటుంది, ఎక్కువ సైకిల్స్ వైపు ఈక్యాప్ రాగి పైకొస్తుంది. మీ 0.5 శాతం మొదటి వైపు పడింది, అంతే.

కానీ నా దృష్టిలో అసలు సంగతి ఇంకోటి ఉంది, చాలామంది దాన్ని చూడకుండానే లైఫ్ నంబర్ రాసేసుకుంటారు. ఈ గ్రెయిన్లు నిలకడగా ఉండవు. మీ హిస్టెరిసిస్ లూప్‌లు (ఒక్కో సైకిల్‌లో స్ట్రెస్-స్ట్రెయిన్ గ్రాఫ్ గీసే ఆకారాలు) మొదటి సైకిల్ నుంచి వరసగా తెరిచి చూడండి. ఎనీల్డ్ రాగిలో లూప్ ఎత్తు మొదట్లో పెరుగుతూ పోతుంది, అంటే గట్టిపడుతోంది. ఈక్యాప్ రాగిలో మొదటి లూప్ పొడుగ్గా, సన్నగా మొదలవుతుంది, ఆ తర్వాత దాని కొన మెల్లగా కిందికి జారుతుంది, లూప్ నడుము లావెక్కుతుంది. మెత్తబడుతోందన్నమాట. నేను మొదటిసారి ఇది స్క్రీన్ మీద చూసినప్పుడు లోడ్ సెల్ డ్రిఫ్ట్ అవుతోందేమోనని నిజంగా టెన్షన్ పడ్డాను. తర్వాత అదే ముక్కని ఈబీఎస్‌డీలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో గ్రెయిన్లని మ్యాప్ చేసే పద్ధతిలో) చూస్తే, మొదట 300 నానోమీటర్ల దగ్గర ఉన్న గ్రెయిన్లు కొన్ని చోట్ల మైక్రాన్ దాటి పెరిగి కనిపించాయి, అదీ గది ఉష్ణోగ్రతలోనే. పెరిగిన చోట లోహం మెత్తబడుతుంది, మెత్తబడిన చోటికే మిగతా స్ట్రెయిన్ అంతా చేరుతుంది, అది మళ్లీ అక్కడి గ్రెయిన్లని ఇంకా పెంచుతుంది. బాగా పాలిష్ చేసిన ముక్కయితే లోడ్ దిశకి 45 డిగ్రీల వాలులో షియర్ బ్యాండ్లు (స్ట్రెయిన్ చేరిన సన్నని పట్టీలు) మామూలు ఆప్టికల్ మైక్రోస్కోప్‌లోనే తెలుస్తాయి. పగులు సాధారణంగా వాటి వెంటే మొదలవుతుంది.

ఒక జాగ్రత్త. టెస్టు ముందూ తర్వాతా గ్రెయిన్ సైజు పోల్చాలంటే ముక్కని హాట్ మౌంటింగ్ ప్రెస్‌లో (పాలిష్ కోసం వేడితో రెసిన్‌లో బిగించే యంత్రంలో) పెట్టకండి. ఆ వేడికే స్వచ్ఛమైన రాగిలో గ్రెయిన్లు పెరిగిపోవచ్చు, మీరేమో ఆ నేరం ఫెటీగ్ మీద వేస్తారు. కోల్డ్ మౌంటింగే చేయండి. వైర్ ఈడీఎంతో (విద్యుత్ రవ్వలతో లోహాన్ని కోసే తీగ యంత్రంతో) కోసి ఉంటే, ఆ రవ్వల వల్ల పాడైన పై పొరని ఎలక్ట్రోపాలిష్‌తో (విద్యుత్ ద్రావణంలో కరిగించి) తీసేశాకే టెస్టు పెట్టండి. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ముక్క వేడెక్కుతోందేమో కూడా గమనించండి.

లైఫ్ పెంచాలంటే దారి ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ముగ్రాబి, హోపెల్ అనే పరిశోధకులు ఈక్యాప్ రాగిని 170 డిగ్రీల దగ్గర 2 గంటలు ఎనీల్ చేశారు. సన్న గ్రెయిన్ల మధ్య కొన్ని పెద్ద గ్రెయిన్లు ఏర్పడి, కొంత బలం పోయినా లో-సైకిల్ లైఫ్ బాగా మెరుగుపడింది. మీ రాగికి సరిపోయే ఉష్ణోగ్రత దాని స్వచ్ఛతని బట్టి మారుతుంది, కాబట్టి చిన్న ముక్కల మీద హార్డ్‌నెస్ చూసుకుంటూ వెతకండి. రాగిని చూసి ఈ పద్ధతి మొత్తాన్నీ కొట్టిపారేయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. కమర్షియల్ ప్యూర్ టైటానియంలో ఈక్యాప్ తర్వాత ఫెటీగ్ లిమిట్ (ఎన్ని సైకిల్స్ అయినా విరగకుండా తట్టుకునే స్ట్రెస్) సుమారు 240 నుంచి 380 ఎంపీఏకి పెరిగింది, రాగిలోలా మెత్తబడటం పెద్దగా లేదు. ఇంప్లాంట్ల వాళ్లకి దాని మీద అంత ఆసక్తి అందుకే. అయితే సన్న గ్రెయిన్లలో పగులు దారి నునుపుగా ఉంటుంది, ముఖాలు ఒకదానికొకటి తగులుకుని ఆపడం తక్కువ, కాబట్టి పగులు పెరగడానికి కావాల్సిన త్రెషోల్డ్ సాధారణంగా తగ్గుతుంది. ముక్కలో ముందే గీతలు, నాచ్‌లు ఉంటే పెరిగిన బలం పెద్దగా అక్కరకు రాదు.

ఇప్పటికి మీ డేటాని మొత్తం స్ట్రెయిన్‌తో కాకుండా, సగం లైఫ్ దగ్గరి లూప్ నుంచి తీసిన ప్లాస్టిక్ స్ట్రెయిన్ యాంప్లిట్యూడ్‌తో ప్లాట్ చేసి ఇక్కడ పెట్టండి. రాగి స్వచ్ఛత ఎంత, ఏ రూట్‌లో (పాస్‌ల మధ్య కడ్డీని ఎలా తిప్పారో) ఎన్ని పాస్‌లు అన్నది కూడా రాస్తే ఎనీలింగ్ సంగతి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.