సంతకం పెట్టే ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మడూ,

విడాకుల కాగితాలు నువ్వే సిద్ధం చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరి దయా అక్కర్లేకుండా నిలబడ్డావని గర్వంగా ఉంది. కానీ "ఆయన బోనస్‌లు నాకొద్దు, నా సంపాదన ఊసు వాళ్లకెందుకు" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసిన పెద్దమ్మను పెట్టుకుని ఇంత అమాయకంగా మాట్లాడతావా?

మన చట్టంలో సంపాదన చెరిసగం పంచే పద్ధతి లేదు. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద భరణం తేల్చేటప్పుడు ఇద్దరి ఆదాయమూ చూస్తారు. ఆదాయమంటే నెల జీతం ఒక్కటే కాదు. బోనస్, ఇన్సెంటివ్, అద్దె, వడ్డీ అన్నీ వస్తాయి. కాబట్టి ఒక్క నెల పే స్లిప్ చూసి లెక్క కట్టకు. కంపెనీ ఇచ్చే ఫారం 16 అనే పన్ను కాగితంలో ఏడాది జీతం, బోనస్ మొత్తం కనిపిస్తాయి. పన్ను, పీఎఫ్ తీసేసి చూస్తారు గానీ, సొంత లోన్ల ఈఎంఐలు చూపించి ఆదాయం తక్కువంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

2020 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, భరణం అడిగిన కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు చూపిస్తూ అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, వేయాలి. దానికి మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. నా భయమంతా ఇక్కడే.

నా క్లయింటు ఒకావిడ టీచరు. భర్త తన బోనస్ దాచాడు, మేం పట్టుకున్నాం కూడా. కానీ ఆవిడ సాయంత్రం ట్యూషన్ల డబ్బు ఎక్కడా రాయలేదు, నాకూ చెప్పలేదు. చేతి ఖర్చుల డబ్బే కదా అనుకుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఆవిడ పాస్‌బుక్ జిరాక్స్ తీసి, ఎర్ర పెన్నుతో గీసిన లైన్లు ఒక్కొక్కటే ఆవిడ చేతే చదివించాడు. నెల మొదట్లో నాలుగైదు చిన్న చిన్న మొత్తాలు, ప్రతి నెలా అంతే. నాలుగో నెలకొచ్చేసరికి ఆవిడకు గొంతు పెగల్లేదు. అక్కడి నుంచి ఆవిడ చెప్పిన నిజాన్నీ ఎవరూ నమ్మలేదు. భర్త బోనస్ మాట మరుగున పడిపోయింది. ముందే రాసుంటే ఆ కాస్త డబ్బుకి భరణం ఏమంత తగ్గేది కాదమ్మా.

నువ్వు శని, ఆదివారాలు చేసే ఫ్రీలాన్స్ పని నాకు తెలుసు. అదీ రాయి. ఒక్క ఏడాదే వచ్చిన బోనస్ అయితే ఆ సంగతి వివరంగా చెప్పు, ఏటా వచ్చేదని అనుకోకుండా ఉంటారు. తప్పుడు అఫిడవిట్ వేస్తే క్రిమినల్ చర్యలు కూడా ఉంటాయి.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నట్టయితే, ఇంకా చేతికి రాని బోనస్, కంపెనీ షేర్ల సంగతి రాజీ పత్రంలో స్పష్టంగా రాయించు. విసుగొచ్చి "నాకేమీ వద్దు" అని మాత్రం రాసివ్వకు. చిన్నప్పుడూ అంతే, ఎవరైనా గట్టిగా ఏడిస్తే నీ బొమ్మ వాళ్ల చేతిలో పెట్టేసి వచ్చేదానివి. నీ మంచితనం నాకు ముద్దే. కోర్టులో మాత్రం నీకు న్యాయంగా రావాల్సింది అడుగు.

ఫారం 16, స్టేట్‌మెంట్లు, డ్రాఫ్టు అన్నీ నాకు పంపు. నేను చూశాకే సంతకం. వేళకి తిను.

మీ పెద్దమ్మ