సాయంత్రం ఏడింటికి ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 39. మందు మానేసి అయిదు నెలలైంది. ఒంట్లో బాగానే ఉంది, ఆఫీసుకి టైముకి వెళ్తున్నాను. కానీ దేని మీదా మనసు పోవడం లేదు. టీవీ పెడితే పది నిమిషాలు చూడలేను. సాయంత్రం ఏడయ్యేసరికి కాలూ చేయీ ఆడదు. మొన్న రాత్రి తాగినట్టు కలొచ్చి, లేచి కూర్చుని ఏడ్చాను. నేను బయటి నుంచి రాగానే మా ఆవిడ ఇంకా వాసన చూస్తూనే ఉంది. మానేస్తే బతుకు బాగుంటుందన్నారు. బాగుండటమంటే ఇదేనా సార్? (పేరు వద్దు)

జవాబు: ఆ చివరి ప్రశ్న నేనూ అడిగాను, ఇంతకన్నా మోటుగా. నేను మానేసి 16 ఏళ్లు. అందులో 11 ఏళ్లుగా ఒక డీఅడిక్షన్ సెంటర్లో కౌన్సెలింగ్ చేస్తున్నాను. డాక్టర్ని కాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఆ చప్పదనం గురించి. ఏళ్ల తరబడి మందు పడుతూ ఉంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. సంతోషానికీ ఆసక్తికీ సంబంధించిన డోపమైన్‌ని అందుకునే గ్రాహకాలు తాగుడు అలవాటున్నవాళ్లలో తక్కువగా ఉన్నాయని సైకియాట్రిస్ట్ నోరా వోల్కోవ్ బృందం మెదడు స్కాన్లలో చూపించింది. మందు ఆపిన మర్నాటికే అవన్నీ సర్దుకోవు. నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఈలోపు టీవీ చప్పగా ఉంటుంది, పిల్లల నవ్వు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తున్నట్టు ఉంటుంది. అది చూసి మీ మీద మీరే తీర్పు చెప్పేసుకోకండి.

కల సంగతికొస్తే, మానేసిన వాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఒకసారైతే కలలో సీసాని చెప్పుల స్టాండ్ వెనక దాచాను. మెలకువ వచ్చాక టార్చి పట్టుకెళ్లి అక్కడ నిజంగానే వెతికాను. ఒక తెగిన చెప్పు దొరికింది, అంతే. ఇలాంటి కల వచ్చిన రోజు పొద్దున్నే ఎవరో ఒకరికి చెప్పేయండి. లోపలే దాచుకుంటే రోజంతా తప్పు చేసినవాడిలా తిరుగుతారు.

ఇక ఏడు గంటలు. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇన్నేళ్లు ఆ టైముకి గ్లాసు అందింది కాబట్టి ఒళ్లు ఆ టైముకే చేయి చాస్తుంది. మందు తీసేశారు సరే, ఆ రెండు గంటలు మాత్రం అలాగే ఖాళీగా పడి ఉన్నాయి. నేనేం చేశానో చెప్తాను, నవ్వుకోండి. ఇంట్లో ఒక పాత సైకిల్ ఉండేది. ఆరున్నరకి దాని చైను ఊడదీసి, కిరోసిన్‌లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో లింకూ తోమి, తుడిచి, నూనె వేసి మళ్లీ ఎక్కించేవాణ్ని. మర్నాడూ అదే చైను. ఇరవై రోజులకి పైగా చేశాను. ఆ చైనుకి ఏ రోగమూ లేదు. మా ఆవిడ నాకే ఏదో అయిందనుకుంది.

కానీ అది పనిచేసింది. చేతులు రెండూ నూనెలో ఉంటే ఫోన్ పట్టుకోలేం, పాత మిత్రుడు పిలిచినా ఎత్తలేం. తాగాలనే తపన మామూలుగా అలలా లేచి, మనం లొంగకపోతే అరగంటలోపే దిగుతుంది. అలాన్ మార్లట్ అనే సైకాలజిస్టు దీన్ని అల మీద సర్ఫింగ్ చేయడంతో పోల్చాడు. నా చైనుకి నలభై నిమిషాలు పట్టేది. లెక్క సరిపోయింది.

మీకు సైకిలే అక్కర్లేదు. చేతులతో చేసేది, అదే రోజు పూర్తయ్యేది ఏదైనా ఒకటి చూసుకోండి. ఆసక్తి పుట్టాక మొదలుపెడదాం అనుకోకండి, ముందు చేయి కదలాలి, ఆసక్తి ఆలస్యంగా వస్తుంది. పెద్ద ప్లాన్లు మాత్రం వద్దు. మా సెంటర్‌కి వచ్చిన ఒకాయన మొదటి నెలలోనే గిటార్, రన్నింగ్ షూస్, ఆన్‌లైన్ కోర్సు అన్నీ కొనేశాడు. గిటార్ కవర్ కూడా విప్పలేదు. అది చూసినప్పుడల్లా ఆయనకి ఇంకో ఓటమిలా కనిపించేది.

తపన మొదలవగానే నాలుగు అడుగుకోండి: ఆకలిగా ఉన్నానా, కోపంగా ఉన్నానా, ఒంటరిగా ఉన్నానా, అలసిపోయానా? మానేసినవాళ్లు కలుసుకునే రికవరీ గ్రూపుల్లో, ఈ నాలుగింటి ఇంగ్లీషు మాటల (హంగ్రీ, యాంగ్రీ, లోన్లీ, టైర్డ్) మొదటి అక్షరాలు కలిపి దీన్ని హాల్ట్ (HALT) అంటారు. నా విషయంలో సగం సార్లు అది ఒట్టి ఆకలే.

మీ ఆవిడ సంగతి. మా ఆవిడ వాసన చూసేది కాదు. నేను చెప్పులు విప్పుతుంటే "రేపు ఏ వారం?" అని అడిగేది. నాలుక మడత పడుతోందేమోనని వింటోందని నాకు చాలా రోజులకి గానీ వెలగలేదు. అప్పటి నుంచి అడక్కముందే నేనే మాట్లాడటం మొదలుపెట్టాను, ఎక్కడికెళ్లాను, ఎవరు కలిశారు, ఎందుకు ఆలస్యమైంది అని. ఆ ప్రశ్న ఆమె ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. మీ మానడం వయసు అయిదు నెలలు, ఆమె భయం వయసు ఎంతో మీకే తెలుసు. "ఇంకా నమ్మవా?" అని మాత్రం అడగకండి.

ఒక్క విషయం దాటవేయలేను. ఈ నిరాసక్తత రోజురోజుకీ ముదురుతున్నా, నిద్ర అసలు పట్టకపోయినా, చచ్చిపోదామనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది రికవరీలో భాగమేలే అని ఊరుకోకండి. వెంటనే సైకియాట్రిస్టుని కలవండి. డిప్రెషన్‌కి వైద్యం వేరే ఉంది. తపన తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులు మీకు సరిపోతాయేమో కూడా ఆయన్నే అడగండి.

ప్రశ్న: మా తమ్ముడు తొమ్మిది నెలలు మానేసి, పోయిన వారం ఒక్కరోజు తాగాడు. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పాడు. మళ్లీ మొదటికొచ్చినట్టేనా? (ఒక అక్క)

జవాబు: తొమ్మిది నెలల్లో నేర్చుకున్నది ఒక్క రాత్రికి పోదమ్మా. ఆ గ్లాసు కన్నా ప్రమాదం, మర్నాడు వచ్చే "ఎలాగూ చెడింది కదా" అనే ఆలోచన. ఇందాక చెప్పిన మార్లట్టే దీని గురించి కూడా రాశాడు, జారడం వేరు, జారాక లేవకపోవడం వేరని. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఏం జరిగిందో అతనితోనే చెప్పించండి, మీరు మధ్యలో అందుకోకండి. ఒకవేళ వరసగా రోజులపాటు తాగుతుంటే మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా ఆపించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ రాత్రి ఫోన్‌లో మీరేమన్నారో రాయలేదు. తిట్టి ఉంటే, ఈ సాయంత్రం ఓసారి ఫోన్ చేసి తిన్నాడో లేదో అడగండి.