మంచు ఇంట్లో మొదటి చలికాలం: మా అబ్బాయికి రాసిన ఉత్తరం

నాన్నా,

నువ్వు డల్లాస్ వదిలేసి మా వైపు, మిన్నెసోటాలోని డులూత్‌కి ఉత్తరాన పదెకరాల్లో పాత ఇల్లు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ పెదనాన్న సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లు మంచిదే, కాదనను. కానీ మేము ఇక్కడికొచ్చిన తొలి చలికాలంలోనే, 1996 ఫిబ్రవరి 2న, టవర్ అనే ఊళ్ళో మైనస్ 60 ఫారెన్‌హీట్ పడింది, అంటే మైనస్ 51 సెల్సియస్. మిన్నెసోటా రికార్డు ఇప్పటికీ అదే. అక్టోబరు అయిపోవస్తోంది కాబట్టి ఆగకుండా రాసేస్తున్నాను, కోడలూ నువ్వూ కలిసి చదవండి.

అందరూ మంచుని చూసి భయపడతారు. ఇంటిని పాడుచేసేది మంచు కాదురా, నీళ్ళు. ఎక్కడెక్కడ నీళ్ళున్నాయో, అవి ఎటు పోతున్నాయో చూసుకుంటే సగం పని అయినట్టే.

ముందు బేస్‌మెంట్‌లోకి దిగి ఇంటికి నీళ్ళు వచ్చే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూడు. కోడలి చేత కూడా ఒకసారి తిప్పించు, నువ్వు ఇంట్లో లేనప్పుడే అవసరం పడుతుంది. ఒకసారి మేము సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్తూ ఆ వాల్వ్ కట్టడం మర్చిపోయాం. మధ్యలో ఇంటిని వేడిగా ఉంచే ఫర్నేస్ ఆగిపోయింది. పక్క పొలం ఆయన వచ్చి చూసేసరికి వంటింటి గోడ మొత్తం నానిపోయి, బేస్‌మెంట్‌లో నా పెళ్ళి చీరల పెట్టె నీళ్ళలో ఉంది. ఆ చీరలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఆ గడ్డకీ, కట్టేసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. కారడం మాత్రం గడ్డ కరిగాకే మొదలవుతుంది, అందుకే మనకి ఆలస్యంగా తెలుస్తుంది. బయటి గోడకి ఆనుకున్న సింకు కింద తలుపులు చలి రాత్రుళ్ళు తెరిచే ఉంచు, వేడిగాలి లోపలికి పోతుంది. ఎప్పుడైనా పైపు గడ్డకడితే కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చెయ్యి. మంట మాత్రం దగ్గరికి తేవద్దు.

ఇక్కడొక మాట జాగ్రత్తగా విను. చలి ఎక్కువైతే కుళాయి సన్నగా వదిలెయ్ అని నీకు పదిమంది చెబుతారు. మునిసిపాలిటీ డ్రైనేజీ ఉన్న ఇళ్ళకి అది సరే. నీది సెప్టిక్ ట్యాంక్. ఆ సన్నటి ధార బయటి గొట్టంలో మెల్లగా పాకుతూ పొరమీద పొరగా గడ్డకట్టి, చివరికి గొట్టమే మూసుకుపోతుంది. తప్పనిసరై వదలాల్సివస్తే కింద బకెట్ పెట్టి పట్టుకో. టాయిలెట్ ఫ్లష్ కారుతుంటే ఈ వారమే బాగుచేయించు. ట్యాంకు మీద పడ్డ మంచుని ముట్టుకోవద్దు, అది దానికి దుప్పటి. దాని మీద కారు గానీ, మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి గానీ నడిపితే మంచు అణిగిపోయి చలి లోతుకి దిగుతుంది. నవంబరులో మంచు పడకుండా చలి మాత్రం ముదిరితే ఒక అడుగు మందాన ఎండుగడ్డి పరుచు.

ఇక ఇంటి కప్పు. చూరుకి వేలాడే మంచు కడ్డీలు చూసి ముచ్చటపడి ఫొటోలు పెట్టేవాళ్ళని చూస్తుంటాను, నాకైతే టెన్షన్ వస్తుంది. ఇంట్లో వేడి అటకలోకి పోయి కప్పు మీది మంచుని కరిగిస్తోందన్నమాట. ఆ నీరు చల్లగా ఉండే చూరు దగ్గర మళ్ళీ గడ్డకట్టి ఆనకట్టలా అడ్డం పడుతుంది, వెనక నిలిచిన నీళ్ళు పెంకుల కిందనుంచి గోడల్లోకి దిగుతాయి. గొడ్డలితో కొట్టావంటే పెంకులు పోతాయి. పొడుగు కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో నేలమీద నిలబడే చూరు దగ్గరి మంచు లాగెయ్, నిచ్చెన ఎక్కొద్దు. అసలు మందు అటకలో ఉంది: లైట్లూ వైర్లూ పైకి వెళ్ళే కంతలు మూసి, ఆ పైన ఇన్సులేషన్ మందంగా వేయాలి. మన వంట సంగతి కూడా చెప్పాలి. అన్నం, పప్పు, పులుసు అన్నీ ఆవిరే, అదంతా కిటికీల మీద పేరుకుని గడ్డకట్టి చెక్కని కుళ్ళబెడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకుండా పొయ్యి వెలిగించవద్దు. ఆ ఫ్యాన్ గొట్టం అటకలోకి కాకుండా బయటికే పోతోందో లేదో చూసుకో, పాత ఇళ్ళలో ఈ తప్పు చాలాచోట్ల కనిపిస్తుంది.

ఫర్నేస్ పొగగొట్టం పక్కగోడలోంచి బయటికి వచ్చి ఉంటే మంచు తుఫాను ఆగగానే మొదట దాని చుట్టూ తవ్వు, కారు సంగతి తర్వాత. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. పడకగదుల దగ్గర అలారం పెట్టి బ్యాటరీ చూసుకో. జనరేటర్‌ని గరాజ్‌లో నడపకు, ఇంటికి 20 అడుగుల దూరంలో పెట్టు. కరెంటు పోతే బోరు పంపు ఆగిపోతుంది, నీళ్ళు రావు. తుఫాను వస్తుందనగానే బిందెలన్నీ నింపి ఉంచండి.

కట్టెల పొయ్యి బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది. మూత ఉన్న ఇనుప బకెట్‌లో పోసి ఇంటికి దూరంగా పెట్టు. పొయ్యి వెలిగించేలోపే చిమ్నీ శుభ్రం చేయించు. మంచుని ఎత్తి పక్కకి విసిరే స్నో బ్లోయర్ యంత్రంలో మంచు ఇరుక్కుంటే ఇంజన్ ఆపేసినా సరే చెయ్యి పెట్టవద్దు, కర్రతో తియ్యి. పారతో తీసేటప్పుడు కొంచెం కొంచెంగా తియ్యి, మన వంశంలో గుండెజబ్బుల సంగతి నీకు తెలుసు.

ఈ ఆదివారం పొద్దున్నే మేమిద్దరం వస్తున్నాం. పెదనాన్నకి మోకాళ్ళ నొప్పులు, అటక నువ్వే ఎక్కాలి. మంచి టార్చి లైటు, మాస్కు, పాత చొక్కా ఒకటి సిద్ధంగా పెట్టుకో. కంతలు మూసే ఫోము డబ్బాలు నేను తెస్తాను.

పెద్దమ్మ