ఇనుము లైబ్రరీకి వెళ్ళే ముందు

తిరుపతి

పాపా,

వచ్చే నెల స్విట్జర్లాండ్‌లో ఆ ఇనుము లైబ్రరీ చూడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగమంతా కాళహస్తి దగ్గర పైపుల ఫ్యాక్టరీలో కరిగిన ఇనుము ముందే గడిపినవాణ్ణి, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

చెప్పాపెట్టకుండా వెళ్ళేందుకు అది మన ఊరి గ్రంథాలయం కాదు. ష్లాట్ ఊళ్ళో రైన్ ఒడ్డున, ఒకప్పుడు సన్యాసినులుండిన మఠంలో జార్జ్ ఫిషర్ కంపెనీ 1948లో పెట్టింది. ముందే మెయిల్ చెయ్యి. ‘ఇనుము చరిత్ర మీద ఏమున్నాయి’ అని మాత్రం అడగొద్దు, అక్కడుండేదంతా అదే! ‘1850కి ముందు మూసలో (అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో) ఉక్కు చేసిన పద్ధతులు’ అని అడిగితే, నీకు తెలియని పుస్తకం కూడా తెచ్చి ముందు పెడతారు.

నెట్‌లో దొరికేవి రూములోనే చదివేసుకో. ఈస్టిండియా కంపెనీ డాక్టరు బుకానన్ 1800లో మద్రాసు నుంచి బయల్దేరి మైసూరు సీమ కొలుములు చూసి రాసింది 1807లో అచ్చయింది. మన ఉక్కు గురించి ఆ కాలం దొరలు రాసినవాటిలో, మూసలో ఇనుప ముక్కలతోపాటు కేసియా ఆరిక్యులేటా పుల్లలు వేస్తారని కనబడుతుంది. కంగారు పడకు, మన చేలగట్ల మీది తంగేడే.

గనులు, లోహాల పని మీద జర్మనీ పండితుడు అగ్రికోలా లాటిన్‌లో రాసిన పుస్తకం మాత్రం అసలు ప్రతే చూడు. 1556లో బాసెల్‌లో అచ్చయింది, పాపం ఆయన అంతకు ముందేడే పోయాడు. లాటిన్ రాదని టెన్షన్ వద్దు. హూవర్ దంపతుల 1912 ఇంగ్లీషు అనువాదం ఫోన్‌లో తెరిచిపెట్టుకో (ఆ హూవరే తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయ్యాడు). కాగితం మీద బొమ్మల్నే చూడు. నీటిచక్రం ఇరుసుకు బిగించిన పళ్ళు తిరుగుతూ వచ్చి తిత్తిని నొక్కి వదిలే బొమ్మ ఉంటుంది. దాని దగ్గర ఎంతసేపైనా కూర్చో.

ఎందుకంటే ఇనుము కథంతా గాలి కథే అని నా లెక్క. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. చేతితిత్తుల కొలిమిలో అంత వేడి రాదు, అందుకే ఇనుము కరక్కుండా చిట్టెంతో (ఖనిజంలోని మలినంతో) కలిసి ముద్దగా దిగేది. దాన్ని ఎర్రగా ఉన్నప్పుడే కొట్టి చిట్టెం వదిలించాలి. నీటిచక్రం వచ్చి గాలి పెరిగాక, పొయ్యి ఎత్తు పెరిగాక, ఇనుము బొగ్గును బాగా పీల్చుకుని 1,150 దగ్గరే కరిగి పారింది. మా పోతపనికి మూలం అదే. కాబట్టి ఏ పుస్తకం తెరిచినా, ఆ కొలిమికి గాలి ఎట్లా పోతోందో ముందు వెతుకు. రాజులు, యుద్ధాలు తర్వాత.

పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్ళు. రాసుకున్న ప్రతి మాట పక్కన పేజీ నంబరు వెయ్యి. ఫొటోలకు ఒప్పుకుంటే ఆ తిత్తుల బొమ్మ ఫ్లాష్ లేకుండా తీసి నాకు వాట్సాప్ చెయ్యి, కింది అక్షరాల గుర్తులు కూడా పడాల.

మీ మామ