మూడోసారి నీట్ రాయాలా, ఫిజియోథెరపీలో చేరాలా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. నీట్‌లో మొదటిసారి 312, రెండోసారి 348 వచ్చాయి. నాయన మళ్లీ రాయమంటున్నాడు, సీటు రాకపోతే మూడెకరాలు అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో చేరుస్తానంటున్నాడు. నాకేమో ఫిజియోథెరపీ చదవాలని ఉంది. ఆ మాటంటే "కాళ్లూ చేతులూ పిసికేదానికి డిగ్రీ ఎందుకు?" అన్నాడు. ఏం చేయాలి? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నీట్ గురించి నాలుగు లైన్లే ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మీ అవ్వ గురించి మాత్రం పేజీన్నర రాశావు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించినట్టే, పడిపోయిన చేతిని పట్టి లాగకుండా వీపు వెనక ఆనిచ్చి లేపేదాన్నని రాశావు. పక్షవాతంలో భుజం కండరాలు పట్టు తప్పుతాయి, చెయ్యి పట్టి లాగితే కీలు జారుతుంది. ఎందుకలా చేయాలో అడిగి తెలుసుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. మూడో నెలలో అవ్వ సంగటి ముద్ద తనే పట్టుకుందని రాసిన చోట అక్షరాలు కూడా పెద్దవయ్యాయి!

ఏడాదంతా చదివితే పెరిగింది 36 మార్కులు. డాక్టరే కావాలని నీకుంటే ఇంకోసారి రాయమనేదాన్ని. నీకు లేదు. పైగా మేనేజ్‌మెంట్ ఫీజు ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు, ఏటా కట్టాలి. పొలం డబ్బు మధ్యలో అయిపోతే ఏం చేస్తారో ఇంట్లో లెక్క వేయండి.

బీపీటీ అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ అన్నీ ఉంటాయి, తేలికని చేరొద్దు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపిస్టులను రిజిస్టర్ కావాల్సిన వృత్తి నిపుణులుగా గుర్తించింది. మొదట్లో జీతాలు తక్కువే. ఆపై పీజీ, అంటే ఎంపీటీ చేయాలంటే మరో రెండేళ్లు పడుతుంది. ఇవేవీ నాయన దగ్గర దాచొద్దు.

కాలేజీ విషయంలో మాత్రం గట్టిగా ఉండు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితాలో దాని పేరుందో లేదో నువ్వే చూడు. తర్వాత చెప్పకుండా ఒక ఉదయం వెళ్లి ఓపీ దగ్గర కూర్చో. రోగులు రాని చోట మెషీన్లు ఎన్ని కొత్తవున్నా చేతికి పని రాదు. సీనియర్లను పక్కకు పిలిచి అడుగు, రోజుకు ఎంతమందిని చూస్తున్నారని. ఏజెంటు మాట విని సర్టిఫికెట్లు మాత్రం ఇచ్చేయకు.

ఇక నాయన. కూతురు డాక్టరమ్మ అవుతుందని ఆయన ఊరంతా చెప్పుకొని ఉంటాడు. ఇప్పుడు రచ్చకట్ట మీద ఏం చెప్పాలన్నదే ఆయన బాధ, నీ మీద కోపం కాదు. ఆ మాటకు ఎదురు వాదించకు. అవ్వను మళ్లీ చూపించడానికి పెద్దాసుపత్రికి పోయినప్పుడు ఆయన్నే తోడు తీసుకెళ్లు. ఫిజియోథెరపీ గదిలో ఓ గంట కూర్చోబెట్టు. "నా చెయ్యి లేపింది నీ కూతురే" అని అవ్వ ఇంతవరకూ ఆయనతో చెప్పిందా? చెప్పకపోతే అక్కడ చెప్పమని అడుగు. నువ్వు చెబితే పిల్ల మాట. ఆయమ్మ చెబితే కన్నతల్లి మాట.